క్షీణత ఆటలోనా, అమ్మకంలోనా? – వీడియో గేముల గురించి

ఈ మధ్య మా ఊరి సాహిత్య సంస్థ నెలవారీ సమావేశంలో ఒక యువమిత్రుడు వీడియో గేముల మీద పత్రం చదివాడు. అతను తెలుగు ఎం.ఎ. విద్యార్థి. కథల మీదా, కవిత్వం మీదా పత్రాలు వినటానికి అలవాటుపడిన మాకు విషయమే కొత్తగా వుంది. అతని ప్రతిపాదన మాత్రం సూటిగా వుంది. పాత వీడియో గేములు మంచివి, ఇప్పటివి క్షీణించాయి. బొమ్మలు పెరిగాయి, ఆట తగ్గింది. కళ పోయి వ్యాపారం మిగిలింది. సభలోని పెద్దల్లో చాలామంది తలలూపారు. వాళ్లలో ఒక్కరైనా ఏ వీడియో గేమూ ఆడి వుండరు. అయినా తలలూపారు. ‘పాతవి మంచివి, కొత్తవి చెడ్డవి’ అన్న వాక్యానికి ముందు ఏ మాట చేర్చినా ఒప్పుకోవటానికి మనం సిద్ధంగా వుంటామని ఆ రోజు నాకు తెలిసింది.

అధ్యక్షస్థానంలో వున్న నేను ఇంకో తప్పు చేశాను. ‘వీడియో గేమ్ పుట్టుకతోనే సరుకు. సరుకుకి క్షీణత ఏమిటి? దాని మీద విమర్శ రాయటం మన పని కాదు’ అని తేల్చేశాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక ఆ మాట నాకే మింగుడుపడలేదు. అచ్చుపుస్తకం సరుకు కాదా? వారపత్రిక నవల సరుకు కాదా? సినిమా సరుకు కాదా? సరుకైనంత మాత్రాన వాటిని మనం విమర్శకు వెలుపల వుంచామా? పరిశీలించకుండా తలలూపినవారికీ, పరిశీలించకుండా తోసిపుచ్చిన నాకూ తేడా ఏమీ లేదు. ఆ తప్పు దిద్దుకునే ప్రయత్నమే ఈ వ్యాసం.

1. స్వర్ణయుగం ఎక్కడ?

క్షీణించింది అనాలంటే ఒకప్పుడు ఉన్నత స్థితిలో వుండాలి. ఆ ఉన్నత స్థితి ఏదో ముందు చూడాలి.

నాకు తెలిసిన స్వర్ణయుగం 1990లలో మా వీధి చివర వుండేది. ఒక చిన్న కొట్టు, లోపల టీవీ, టీవీకి తగిలించిన పెట్టె, దానిలో గుచ్చే క్యాసెట్. గంటకు అయిదు రూపాయలు. క్యాసెట్ మీద ‘9999 ఆటలు’ అని రాసి వుండేది. వరసగా నొక్కుకుంటూ పోతే తేలేదేమిటంటే, అసలు ఆటలు గుప్పెడే. వాటినే పేర్లూ, రంగులూ, మొదలయ్యే చోటూ మార్చి వేల లెక్క చూపించారు. ఇవాళ ‘పాతకాలపు నిజాయితీ’ అని నిట్టూర్చే మిత్రులు ఈ క్యాసెట్‌ను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఇంకొంచెం వెనక్కు, ఆటలు పుట్టిన చోటికే వెళ్దాం. 1982లో అమెరికాలో అటారీ కంపెనీ ‘ఈ.టీ.’ సినిమా పేరుతో ఒక ఆట తెచ్చింది. పండుగ అమ్మకాలకు అందాలని ఒకే ఒక ప్రోగ్రామర్ చేత దాదాపు అయిదు వారాల్లో చేయించారు. అది నడవలేదు. అమ్ముడుపోని సరుకుతో నిండిన ఆ విపణి 1983లో కుప్పకూలింది. అటారీ మిగిలిన క్యాసెట్లను న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డోలో చెత్తకుప్పలో పాతిపెట్టింది. 2014లో తవ్వితే బయటపడ్డాయి. సినిమా పేరు చూపి అమ్ముకోవటం, గడువు కోసం పనిని కుదించటం, నాసిరకాన్ని విపణిలో గుమ్మరించటం – ఇవాళ మనం క్షీణ లక్షణాలని చెప్పేవన్నీ ఆనాడే వున్నాయి.

మరి పాతవి మంచివన్న భావన ఎందుకు కలుగుతోంది? కాలం చేట పట్టి చెరిగింది కనుక. తాలు ఎగిరిపోయి గింజలే మన ముందున్నాయి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం ప్రకటించింది. దాని ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇవాళ అంగడిలో దొరకవు. అంటే మిగిలిన 13 శాతాన్ని నిన్నటి యుగం మొత్తంగా భావించి, దాన్ని ఇవాళ్టి మొత్తంతో పోలుస్తున్నాం. ఈ పోలికే తప్పు.

సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త పొరపాటు కాదు. మన సాహిత్య చరిత్రలో సుమారు 1775 నుంచి 1875 వరకు నూరేళ్లను ‘క్షీణయుగం’ అని పేరుపెట్టి చదువుకున్నాం. ఆ నూరేళ్లలోనే, 1829లో బ్రౌన్ వేమన పద్యాలను అచ్చువేశాడు. మరి క్షీణత ఎక్కడ చూశాం? ఆస్థానాల వైపు చూశాం. ప్రబంధాల వైపు చూశాం. అటు వెలుగు తగ్గింది కనుక అంతటా చీకటే అన్నాం. వీడియో గేముల విషయంలోనూ చాలామంది ఆస్థానాల వైపే, అంటే కోట్ల డాలర్ల పెద్ద కంపెనీల వైపే చూసి యుగానికి పేరుపెడుతున్నారు.

2. రూపాన్ని నిర్ణయించేది ఏది?

ఏ కళారూపమైనా తనకు దొరికిన ముడిసరుకుకూ, తాను చేరే మార్గానికీ కట్టుబడే పెరుగుతుంది. వీడియో గేములో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

1978లో జపాన్‌లో తొమొహిరో నిషికాదో ‘స్పేస్ ఇన్వేడర్స్’ చేశాడు. అందులో శత్రువులు బారులు తీరి పైనుంచి దిగుతారు. వాళ్లను కూల్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదులుతారు. ఈ వేగం ముందుగా అనుకుని పెట్టింది కాదు. అంతమంది శత్రువులను ఒకేసారి కదిలించే శక్తి ఆనాటి యంత్రానికి లేదు. వాళ్లు తగ్గేకొద్దీ దాని భారం తగ్గి, మిగిలినవాళ్లు వడివడిగా కదిలారు. నిషికాదో దాన్ని లోపంగా సరిదిద్దలేదు, ఉద్రేకం పెంచే శిల్పంగా నిలుపుకున్నాడు. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. అందులో ఆకాశంలోని మేఘమూ, నేలమీది పొదా ఒకే బొమ్మ. రంగు మాత్రం వేరు. కొరతను శైలిగా మలచుకోవటం అంటే ఇదే. పాత ఆటలను మెచ్చుకునేవారు నిజానికి మెచ్చుకుంటున్నది ఈ పొదుపునే. ఆ మెచ్చుకోలు న్యాయమైనదే.

అయితే పొదుపు పక్కనే ఇంకొకటి వుంది. ఆనాటి ఆట నాణెంతో నడిచే యంత్రం. ఆటగాడు ఎక్కువసేపు నిలిస్తే యజమానికి నష్టం. కనుక త్వరగా ఓడించాలి, కానీ మళ్లీ నాణెం వేసేటంత ఆశ మిగల్చాలి. పాత ఆటల ‘కఠినత్వం’ అని మనవాళ్లు పొగిడే దానిలో కొంత శిల్పం, కొంత గల్లాపెట్టె.

ఆట ఇంటికి వచ్చాక ఈ స్థితి మారింది. క్యాసెట్ ఒకసారి అమ్మితే అమ్మినట్టే. ఆ తరువాత ఆటగాడు పది నిమిషాలు ఆడినా, పదేళ్లు ఆడినా కంపెనీకి కొత్తగా వచ్చేదేమీ లేదు. అమ్మాక దిద్దటానికి వీలు లేదు కనుక పూర్తిచేసి అమ్మాలి. అటకాయించి డబ్బు అడిగే వీలు లేదు కనుక ఆటకొక ముగింపు పెట్టొచ్చు. సుమారు పాతికేళ్లు నడిచిన ఈ ఏర్పాటులో కంపెనీల మంచితనం ఏమీ లేదు. అమ్మకపు పద్ధతి అలా వుంది కనుక ఆట ఒక సంపూర్ణమైన కృతిగా నిలబడగలిగింది. యువమిత్రుడు పోయిందని బాధపడుతున్నది దీని గురించే. అతని బాధ నిజమైనది. దానికి అతను చెప్పిన కారణమే సరైనది కాదు.

3. రెండు ఆటలు – ఒక పరిశీలన

ఇంటర్నెట్ ఇంటింటికీ చేరటంతో గల్లాపెట్టె మళ్లీ ఆటలోకి వచ్చింది. 2006లో ‘ఒబ్లివియన్’ అనే ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మారు. అందరూ నవ్వారు. 2017లో ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ వచ్చేనాటికి ఆ నవ్వు ఆగిపోయింది. లోపల ఏముందో తెలియని పెట్టెలను డబ్బుకు అమ్మి, ఆటలో బలాన్ని వాటికి ముడిపెట్టారు. ఆటగాళ్ల నిరసన వల్ల విడుదల సమయంలోనే ఆ అమ్మకాన్ని నిలపవలసి వచ్చింది. 2018లో బెల్జియం అలాంటి పెట్టెలను జూదంగా పరిగణించింది.

ఇవన్నీ సంఘటనలు. విమర్శకుడు చూడవలసింది రూపంలో వచ్చిన మార్పును. అందుకని ఒకే జాతికి చెందిన రెండు ఆటలను పక్కపక్కన పెడతాను. రెండూ రంగు ముక్కలను పేర్చేవే.

మొదటిది ‘టెట్రిస్’. 1984లో మాస్కోలో సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిత్నోవ్ చేశాడు. పైనుంచి ముక్కలు పడుతుంటాయి. ఖాళీ లేకుండా వరస నిండితే అది మాయమవుతుంది. ఇందులో గెలుపు లేదు, ఎప్పటికైనా ఓటమే. కానీ ఆ ఓటమి నా చేతిది. పొడుగుముక్క కోసం ఆశపడి నేనే గుంట వదిలాను, ఆ గుంటే నన్ను ముంచింది. ఆట నా తప్పులను నా కళ్ల ముందే పేరుస్తుంది. పాటలో తాళం తప్పినవాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టు, ఎక్కడ తప్పానో నాకు తెలుస్తుంది. మళ్లీ మొదలుపెడితే పడే ముక్కల నియమం మారదు, మారవలసింది నేను.

రెండోది 2012లో వచ్చిన ‘క్యాండీ క్రష్ సాగా’. దీన్ని కించపరచాలని నాకు లేదు. రంగులు, చప్పుళ్లు, ముక్కలు ఒకదానిమీద ఒకటి జారి పడే తీరు – పనితనం మొదటిదానికంటే ఎంతో ముందుంది. ఈ ఆటకు అయిదు ప్రాణాలు. మెట్టు దాటలేకపోయిన ప్రతిసారీ ఒకటి పోతుంది. అయిదూ పోతే ఆట ఆగుతుంది. ఒక్కో ప్రాణం తిరిగి రావటానికి అరగంట పడుతుంది. ఆగలేనివాళ్లు డబ్బు కట్టొచ్చు, లేదా స్నేహితులను అడగొచ్చు. ఈ అరగంట ఎక్కడినుంచి వచ్చింది? యంత్రం శక్తి చాలక రాలేదు. కథ అవసరంగా రాలేదు. అమ్మటానికే తయారైంది. ఎదురుచూపును ముందు తయారుచేసి, ఆ తరువాత ఎదురుచూడకుండా వుండే హక్కును అమ్ముతున్నారు.

నిషికాదో చేతిలో లోపం శిల్పమైంది. ఇక్కడ శిల్పజ్ఞానమంతా ఒక లోపాన్ని తయారుచెయ్యటానికి వినియోగమైంది. క్షీణత అనే మాటకు అర్థం వుంటే అది ఇక్కడే. బొమ్మల్లో క్షీణత లేదు, సంగీతంలో లేదు, చేసినవాడి తెలివిలో అసలే లేదు. ఆ తెలివి ఎవరి పక్షాన పనిచేస్తోందన్నదే ప్రశ్న.

మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. ఫోనులో ఒక తుపాకుల ఆట ఆడతాడు. పరీక్షల ముందు ఒక రాత్రి ‘పడుకోరా’ అంటే, ‘లేదు మావయ్యా, ఇవాళే ఆఖరు. ఇవాళ ఆడకపోతే ఆ డ్రెస్సు ఇక దొరకదు, ఆడాలి’ అన్నాడు. వాడి ముఖంలో సరదా లేదు. రేపు అప్పు తీర్చవలసినవాడి ముఖంలా వుంది. మన భాషలో ‘ఆడుకోవటం’ అని ఒక మంచి మాట వుంది. అందులో ‘కొను’ అన్నది తన కోసం చేసుకునే పనిని చెబుతుంది. వాడు ‘ఆడుకుంటాను’ అనలేదు. ‘ఆడాలి’ అన్నాడు. ఆట నుంచి ఆ ‘కొను’ జారిపోయింది. కొనటం అనే అర్థంలో మాత్రం మిగిలింది.

ముగింపు లేకపోవటం కూడా మనకు తెలియనిది కాదు. వారపత్రికల్లో సీరియల్ పాఠకులను నిలుపుతున్నంత కాలం కథ చావకుండా సాగదీసిన రచనలను మనం చూశాం. పాత్రలు చెయ్యవలసినవి చేసి అలసిపోయినా రచయిత వాళ్లను వదిలేవాడు కాదు. ఇవాళ్టి ‘నిత్యం నడిచే’ ఆటలు ఆ సీరియల్‌కు పెద్ద రూపాలు. ముగిస్తే ఆదాయం ముగుస్తుంది.

4. ఆస్థానం వెలుపల

ఇక్కడితో ఆగితే నేనూ యువమిత్రుడి వాదననే ఇంకో దారిలో చెప్పినవాణ్ణవుతాను. కానీ ఇదే కాలంలో, ఇవే యంత్రాల మీద, ఇంతకు ముందు సాధ్యం కాని రచనలు కూడా వచ్చాయి.

2013లో లూకస్ పోప్ దాదాపు ఒంటరిగా చేసిన ‘పేపర్స్, ప్లీజ్’ చూడండి. మనం ఒక కల్పిత దేశపు సరిహద్దులో కాగితాలు తనిఖీ చేసే చిన్న ఉద్యోగి. ఎంతమందిని చూస్తే అంత జీతం. తప్పు చేస్తే కోత. రోజూ నియమాలు మారతాయి. సాయంత్రం ఆ జీతంలోంచే ఇంటి అద్దె, తిండి, వెచ్చదనం, మందులు. ఒకావిడ సరైన కాగితం లేకుండా వచ్చి భర్త వెనకాలే పంపమని బతిమాలుతుంది. పంపితే కోత పడుతుంది, ఇంట్లో పిల్లవాడికి జబ్బు. క్రూరుడు కానివాడి చేత వ్యవస్థ క్రూరత్వం ఎలా చేయిస్తుందో చెప్పిన కథలు మనకున్నాయి. ఇక్కడ ఆ ముద్ర కొట్టేది నా చెయ్యే. కథలో చదివితే ఆ ఉద్యోగిని నేను తప్పుబట్టేవాణ్ణి. ఇక్కడ నేను రెండో రోజుకే వేగంగా ముద్ర కొట్టటం నేర్చుకున్నాను. ఆ సంగతి గ్రహించి సిగ్గుపడ్డాను. ఏ ఉపన్యాసమూ లేకుండా వస్తువు రూపంలో కలిసిపోవటం అంటే ఇది.

2014 నాటి పోలండ్ ఆట ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ యుద్ధంలో సైనికుణ్ణి వదిలి, ముట్టడిలో చిక్కిన మామూలు జనాన్ని తీసుకుంది. దానికి ప్రేరణ 1990లలో సరాయెవో ముట్టడి. 2023లో వచ్చిన ‘వెన్బా’ 1980ల చివర కెనడాలో కాపురం పెట్టిన ఒక తమిళ కుటుంబం కథ. తల్లి వెంట తెచ్చుకున్న వంటల పుస్తకం చిరిగింది, అక్షరాలు చెరిగాయి. ఇడ్లీ దగ్గర మొదలుపెట్టి, పోయిన భాగాలను ఊహించి వంట పూర్తిచెయ్యటమే ఆట. కొడుకు భాషకు దూరమవుతుంటే ఆ చిరిగిన పుటలకు అర్థం పెరుగుతుంది. విదేశాల్లో పిల్లలు తెలుగు మరిచారని కథలు రాస్తున్న మనవాళ్లు ఈ చిన్న ఆటను తప్పక చూడాలి. అది కొద్ది గంటల్లో ముగుస్తుంది. చెప్పవలసింది అయిపోయింది కనుక ముగుస్తుంది.

పెద్ద పెట్టుబడులతో వచ్చినవన్నీ చెడ్డవని అనటం కూడా యాంత్రికమే. 2022లో ‘ఎల్డెన్ రింగ్’, 2023లో ‘బాల్డర్స్ గేట్ 3’ ఒకసారి కొనే సంపూర్ణ కృతులుగా వచ్చి విశేషాదరణ పొందాయి. కాబట్టి జనం అభిరుచి దిగజారింది కనుకే ఆటలు దిగజారాయనే వాదన నిలవదు.

5. చేసినవాళ్ల గతి

సాహిత్య విమర్శలో మనం కృతితో పాటు కర్త జీవితాన్ని కూడా చూస్తాం. ఆటల విషయంలో అది మరచిపోతున్నాం. తొలినాళ్లలో అటారీ ఆటల మీద చేసినవారి పేరు వుండేది కాదు. అందుకే వారెన్ రాబినెట్ ‘అడ్వెంచర్’ అనే ఆటలో ఒక రహస్యపు గదిలో తన పేరు దాచిపెట్టాడు. 1979లో కొందరు ప్రోగ్రామర్లు బయటికొచ్చి యాక్టివిజన్ పెట్టటానికి ఈ గుర్తింపు లేకపోవటం ఒక కారణం. ఆ యాక్టివిజన్ చేతులు మారుతూ పెరిగి, 2023లో దాదాపు 69 వందల కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ వశమైంది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఆటల విభాగంలో 1,900 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించింది. 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ అరకొరగా విడుదలై, సోనీ తన అంగడి నుంచి ఆరు నెలలు తీసేసినప్పుడు, ‘పనివాళ్లకు చేతకాలేదు’ అన్నవారున్నారు. ఆ పనివాళ్లు అదనపు గంటలు చేసి అలసినవాళ్లే. గడువు పెట్టింది వాళ్లు కాదు.

అన్నిటికంటే రచయితలు ఆలోచించవలసింది ‘డిస్కో ఎలీసియం’ గురించి. ఎస్టోనియాకు చెందిన రాబర్ట్ కుర్విత్స్ 2013లో ఒక నవల ప్రచురించాడు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ నవలా ప్రపంచాన్నే తీసుకుని మిత్రులతో కలిసి 2019లో ఆటగా చేశాడు. ఓడిపోయిన విప్లవం నీడలో బతుకుతున్న ఒక నగరం. జ్ఞాపకం కోల్పోయిన ఒక పోలీసు. అతని బుర్రలో ఒకదానితో ఒకటి వాదులాడే ఆలోచనలు. కొట్లాటల కంటే మాటలే నడిపించే ఆట అది. ప్రపంచమంతా మెచ్చుకుంది. 2022లో, కుర్విత్స్, మరిద్దరు ముఖ్య సృష్టికర్తలు ఆ ఆట చేసిన సంస్థలో లేరన్న సంగతి బయటపడింది. ఆటా, ఆ ప్రపంచమూ సంస్థ ఆస్తిగా మిగిలాయి.

కొన్నవాడి గతీ అంతే. 2014లో విడుదలైన ‘ది క్రూ’ అనే ఆటను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బిచ్చి కొన్నవాళ్ల దగ్గర కూడా అది నడవటం ఆగిపోయింది. పుస్తకం అమ్మిన ప్రచురణకర్త పదేళ్ల తరువాత మన బీరువా తెరిచి దాన్ని పట్టుకుపోతే ఎలా వుంటుందో ఊహించండి. దీని మీద ఐరోపాలో మొదలైన పౌరుల అర్జీకి 2025లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఆటను కృతిగా గౌరవిస్తున్నది ఆ సంతకం పెట్టినవాళ్లు.

6. మన పని

వీడియో గేములు క్షీణించాయా అన్న ప్రశ్నకు ‘అవును’, ‘కాదు’ అని ఒక్క మాటలో చెప్పటం కుదరదు. పనితనం పెరిగింది. చెప్పగల విషయాల విస్తృతి ఎన్నో రెట్లు పెరిగింది. అయితే ఆ పనితనంలో ఎక్కువ భాగం ఆటగాడి సమయాన్ని కాజెయ్యటానికి వినియోగమవుతోంది. ఈ రెండూ ఒకే కాలంలో, ఒకదానితో ఒకటి పెనుగులాడుతున్నాయి. పెనుగులాటను చూడకుండా ఒక వైపు మాత్రమే చూసి యుగానికి పేరు పెడితే, మనం మళ్లీ ‘క్షీణయుగం’ అన్న పొరపాటే చేస్తాం.

2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025లో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం చేసింది. పందెం ఎక్కడుందో చట్టం చూస్తుంది. అరగంట ఎదురుచూపు ఎందుకు పెట్టారో, ‘ఇవాళే ఆఖరు’ అనే మాట పిల్లవాడి మీద ఎలా పనిచేస్తుందో చెప్పవలసింది విమర్శ. వస్తువునూ, రూపాన్నీ విడదీయకుండా చదవటం మనం నేర్చుకున్న విద్య. దాన్ని ఇక్కడ వాడకపోతే ఎక్కడ వాడతాం?

ఒక ఆటను పరీక్షించటానికి నేను ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇందులో నేను ఓడిపోతే అది నా తప్పు వల్లనా, నా జేబు వల్లనా? ఇందులోని కష్టం నాకేదైనా నేర్పుతోందా, ఏదైనా అమ్ముతోందా? ఇది చెప్పవలసింది చెప్పి నన్ను వదులుతుందా? ఇవే ప్రశ్నలు నవలకూ, సినిమాకూ వేయొచ్చని మిత్రులు గమనించే వుంటారు.

యువమిత్రుడి పత్రాన్ని నేను అడిగి తెప్పించుకుని మళ్లీ చదివాను. అతని నిర్ణయంతో నాకిప్పటికీ పేచీ వుంది. కానీ ఆ సభలో ఆటలు ఆడి మాట్లాడినవాడు అతనొక్కడే. వచ్చే నెల సమావేశంలో ఆ పత్రం మీద చర్చ పెట్టమని కార్యదర్శికి రాశాను. ఈసారి అధ్యక్షస్థానంలో వేరొకరు వుంటారు. నేను ఎదుట కూర్చుని, ముందు విని, తరువాత మాట్లాడతాను.